కంప్యూటరుకు కాంటా లెక్క నేర్పాం!

వడ్ల కాంటా దగ్గర ఒక్క బస్తా తేడా వస్తే ఏమవుతుందో వరి పండించే ఇళ్లవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. రైతు తన చేతిలోని చీటీ చూపిస్తాడు. హమాలీ మేస్త్రీ తన లెక్క చెబుతాడు. లారీ డ్రైవరు ట్రక్ షీట్ తీస్తాడు. అంతా అయ్యాక నలుగురూ తిరిగి చూసేది మాత్రం టెంటు కింద రిజిస్టరు ముందేసుకుని కూర్చున్న ఆడమనిషి వైపే. "ఏందమ్మా, ఎట్ల రాసినవ్?" అని.

ఎల్లారెడ్డి దగ్గరి ఓ పల్లెలో అలా రిజిస్టరు ముందు కూర్చునేది మా చెల్లె. అక్కడి గ్రామ సంఘానికి వీవోఏ. ఏడాది పొడుగునా పొదుపు సంఘాల పుస్తకాలు రాస్తుంది. కోతలొచ్చాయంటే మహిళా సంఘం నడిపే ధాన్యం కొనుగోలు కేంద్రం లెక్క కూడా ఆమె మీదే పడుతుంది. మా వైపు దాన్ని అందరూ ఐకేపీ సెంటరనే అంటారు. ప్రభుత్వానికి పంపే వివరాలు ట్యాబులో ఎక్కించడం వేరే ఉంది. కానీ అది పైకి పోయే లెక్క. పొద్దుగూకేసరికి కేంద్రంలో ఎన్ని బస్తాలు మిగిలాయి, ఎవరి వడ్లు ఏ లారీలో పోయాయి, ఎవరి చీటీ ఆగింది అనేది తనకంటూ తెలియాలి కదా. అది ఇన్నాళ్లూ నోటుపుస్తకమే.

నేను కామారెడ్డిలో ఉంటాను. హైదరాబాదు కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే ప్రోగ్రాములు రాస్తాను. "అక్కా, ఎక్కడెక్కడోళ్లకో చేసిపెడ్తవ్, నాకో లెక్కల పుస్తకం చేసియ్యరాదా?" అని 2025 వానాకాలం కోతలప్పుడు అడిగింది చెల్లె. అడిగింది చిన్న కోరికే. అయితే దాని వెంట నేను కొత్తగా నేర్చుకున్నది చాలా ఉంది. ఇక్కడ రాస్తున్నది అదే.

మాలాంటి వాళ్ల పక్కన ఇప్పుడొక సహాయకుడు కూర్చుంటున్నాడు. మనిషి కాదు లెండి, అదీ ప్రోగ్రామే. గిట్‌హబ్ కోపైలట్ అనేది 2021లో బయటికి వచ్చినప్పుడు మనం ఒక వరుస రాస్తుంటే తర్వాతి వరుసలు అందించేది, అంతే. ఆ తర్వాత కర్సర్, 2025లో క్లాడ్ కోడ్ వంటివి వచ్చాక సంగతి మారింది. మామూలు మాటల్లో పని చెబితే చాలు. అదే ఫైళ్లు తెరుస్తుంది, ప్రోగ్రాం రాస్తుంది, నడిపి చూస్తుంది, తప్పొస్తే దిద్దుకుంటుంది. వీటికి మళ్లీ మనకు కావలసిన హంగులు తగిలించుకోవచ్చు. ఎక్స్‌టెన్షన్లు, ప్లగిన్లు, స్కిల్స్ అని రకరకాల పేర్లు. "మాకెందుకమ్మా ఈ గోల" అని పేజీ తిప్పేయకండి. మీ ఇంట్లో బీటెక్ చదివే పిల్లలుంటే ఈ మాటలు మీ చెవిన పడుతూనే ఉంటాయి. పైగా ఇందులో కంప్యూటరు పని తక్కువ, ఇంటి పెద్ద చేసే పని ఎక్కువ. ఎలాగో చెబుతాను.

అడగని తరుగు

మొదటి ఆదివారం పొద్దున్నే లింగంపేట మీదుగా వెళ్లే బస్సెక్కి ఎల్లారెడ్డి చేరాను. చెల్లె వాళ్లింట్లో లాప్‌టాప్ తెరిచి, "ధాన్యం కొనుగోలు కేంద్రానికి రోజు లెక్క చూపే ప్రోగ్రాం కావాలి" అని సహాయకుడికి చెప్పాను. అన్నం తిని లేచేలోపు తయారు. పట్టికలు, కూడికలు, తెలుగులో చీటీ, అన్నీ ఉన్నాయి. చెల్లె కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. తర్వాత దగ్గరికి జరిగి, చదవడం మొదలుపెట్టింది. అప్పుడు మొదలయ్యాయి ప్రశ్నలు.

బస్తా అంటే అది 50 కిలోలు అనుకుంది. ఇక్కడ కాంటా వేసేది సంచి బరువు పోను 40 కిలోలకు. ఒకే పేరుంటే ఒకే మనిషి అనుకుని లెక్క కలిపేసింది. ఆ ఊళ్లో గంగవ్వలే ముగ్గురు! ఇంట్లో లచ్చవ్వ అని పిలిచే మనిషి పట్టా పాసు పుస్తకంలో లక్ష్మి. బ్యాంకు పుస్తకంలో ఆ లక్ష్మికి ముందు ఇంటిపేరు కూడా ఉంటుంది. ఇవన్నీ దానికెలా తెలుస్తాయి?

అన్నిటికంటే పెద్దది తేమ దగ్గర వచ్చింది. కొనుగోలుకు వడ్లలో తేమ 17 శాతం దాటకూడదు. దాటితే ఏం చేస్తారు? రైతు మళ్లీ ఆరబోసుకోవాలి, ఆరాక మళ్లీ మీటరు పెట్టి చూడాలి. కానీ ఈ సహాయకుడు ఏం రాశాడంటే, తేమ 19 ఉంటే ఆ రెండు శాతానికి బరువు తగ్గించి డబ్బు లెక్క కట్టాడు. ఎవరూ అడగలేదు. ఎక్కడో ఏ దేశపు ధాన్యం లెక్కలో అలా చేస్తారో, చదివినట్టుంది.

చెల్లె నా వైపు చూసి నవ్వింది. "మిల్లోళ్ల బుద్ధి దీనికెట్లొచ్చిందక్కా?"

నవ్వులాటే గానీ, విషయం నవ్వులాట కాదు. తరుగు అనే మాట మీద మా జిల్లాలో రోడ్ల మీద వడ్లు పోసి ధర్నాలు చేస్తారు. బస్తాకు కిలో, రెండు కిలోలు పోయాయంటే ఏడాది కష్టంలో అది ఎంతో రైతు ఇంటి ఇల్లాలికి బాగా తెలుసు. అదే తరుగు చెల్లె రాసిన చీటీలో, చక్కటి అచ్చక్షరాల్లో, ఎవరి కంటా పడకుండా వచ్చి కూర్చుంటే? చేసింది కంప్యూటరు అంటే ఎవరు ఊరుకుంటారు? మాట పడేది చెల్లె.

సరే, చెప్పి దిద్దించాం. దిద్దింది. కానీ ఈ సహాయకులకో గుణం ఉంది. ఈరోజు కూర్చుని ఎంత నేర్పినా, రేపు కొత్తగా తెరిస్తే అన్నీ మళ్లీ మొదటి నుంచే. నిన్నటి మాట జ్ఞాపకం ఉండదు. కొన్నిటికి జ్ఞాపకం పెట్టుకునే ఏర్పాటు వచ్చింది గానీ, ఏది గుర్తుపెట్టుకోవాలో ఏది వదిలేయాలో పూర్తిగా మన చేతిలో ఉండదు. కాబట్టి రాసి పెట్టాలి. హంగులన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

వంటింటి గోడ మీది కాగితం

అన్నిటికంటే సులువైనది ఒక కాగితం. నిజంగా కాగితం కాదు, ఓ చిన్న ఫైలు. క్లాడ్ కోడ్‌లో దాని పేరు క్లాడ్.ఎండీ. వేరే సహాయకులకు వేరే పేర్లు. పని మొదలుపెట్టిన ప్రతిసారీ అది దాన్ని ముందుగా చదువుకుంటుంది. ఊరెళ్లేటప్పుడు వంటింటి గోడకు కాగితం అంటిస్తాం చూడండి, పాలవాడికి ఎన్ని ప్యాకెట్లు చెప్పాలి, పెద్దాయన మాత్రలు ఏ డబ్బాలో ఉన్నాయి అని, అలాంటిది. అందులో కథలు రాయకూడదు. ఎక్కువ రాస్తే, ముఖ్యమైనది మిగతావాటి మధ్య మునిగిపోతుంది. దాని బుర్రలో ఒకసారికి పట్టేది ఇంత అని హద్దు ఉంటుంది. తెలుగులో రాస్తే ఇంగ్లీషు కంటే ఎక్కువ చోటు పడుతుంది కూడా. అయినా మేం ఆ కాగితం తెలుగులోనే రాశాం. ఎందుకంటే చెల్లె చదివి దిద్దాలి కదా.

ఏడెనిమిది వాక్యాలు మించలేదు. బస్తా 40 కిలోలు, సంచి బరువు వేరు. మనిషిని పేరుతో గుర్తుపట్టకు, పాసు పుస్తకం నంబరుతో గుర్తుపట్టు. తేమ 17 దాటితే కాంటా లేదు, బరువు తగ్గించడం అసలే లేదు. ధరలు ప్రోగ్రాం లోపల రాయకు, సంవత్సరం పేరుతో విడిగా ఉన్న ఫైలులోంచి తీసుకో. ఈ చివరిది నా చేర్పు. మద్దతు ధర ఏటా మారుతుంది. 2025-26 సీజనుకు ఏ గ్రేడు వడ్లు క్వింటాలు 2,389 రూపాయలు, సాధారణ రకం 2,369. మరుసటేడు ఎవరో వచ్చి ప్రోగ్రాంలో ఆ అంకె ఎక్కడుందా అని వెతుక్కోకూడదు.

కాగితం తర్వాతిది స్కిల్. క్లాడ్‌ను తయారుచేసిన ఆంత్రోపిక్ సంస్థ 2025 అక్టోబరులో దీన్ని తెచ్చింది. డిసెంబరుకల్లా ఇతరులు కూడా వాడుకునేలా పద్ధతిని బయటపెట్టింది. పేరు పెద్దదే గానీ, చూస్తే ఒక ఫోల్డరు. అందులో స్కిల్.ఎండీ అని ఓ ఫైలు. పైన పేరు, అది ఎప్పుడు వాడాలో చెప్పే ఒకటి రెండు వాక్యాలు. కింద ఆ పని చేసే పద్ధతి. కావాలంటే నమూనాలు, చిన్న చిన్న ప్రోగ్రాములు కూడా అదే ఫోల్డరులో పెట్టొచ్చు. సహాయకుడు మామూలుగా ఆ పై వాక్యాలే గుర్తుంచుకుంటాడు. ఆ పని పడినప్పుడు మాత్రమే లోపలిదంతా తెరిచి చదువుతాడు.

ఇది మా అత్తగారికి చెబుతుంటే ఆమె వెంటనే అందుకున్నారు. ఆమె చాలా ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. కామారెడ్డి, నిజామాబాదు వైపు ఎన్ని ఇళ్లు ఆ చాట మీద గడిచాయో మీకు తెలియంది కాదు. "ఆకు కత్తిరియ్యనీకి రేకు ముక్క ఉంటది గదనే, గసొంటిదేనా?" అన్నారు. అలాంటిదే! తునికాకు మీద ఆ రేకు ముక్క పెట్టి కత్తిరిస్తే ఎవరు కత్తిరించినా ఒకే కొలత. ఆ రేకు రోజంతా చేతిలో పట్టుకు తిరగరు. ఆకు కత్తిరించేటప్పుడే తీస్తారు. తర్వాత నేను మా కంపెనీలో పిల్లలకు స్కిల్ అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా ఈ రేకు ముక్క సంగతే చెప్పాను.

సంచులు చెప్పిన నిజం

మేం చేసిన ముఖ్యమైన స్కిల్ ఒక్కటే. దాని పేరు 'పొద్దుగూకే లెక్క'. అది రాయడానికి రెండు ఆదివారాలు పట్టింది. అందులో నేను చేసిందల్లా చెల్లె చెబుతుంటే రాసుకోవడం.

"రోజూ సాయంత్రం నువ్వు ఏం చేస్తావో చెప్పు" అంటే, మొదట "ఏముంటదక్కా, కూడుడే" అంది. పని బాగా వచ్చినవాళ్లంతా అలాగే అంటారు. పప్పులో ఉప్పెంత అంటే 'సరిపడా' అన్నట్టు. మళ్లీ మళ్లీ అడిగితే ఒక్కొక్కటే బయటికి వచ్చింది. రైతుల వారీగా కాంటా అయిన బస్తాలు కూడుతుంది. ట్రక్ షీట్ల ప్రకారం లారీలెక్కినవి కూడుతుంది. కేంద్రంలో మిగిలిన నెట్లు తిరిగి లెక్కపెడుతుంది. మొదటిది, తర్వాతి రెండూ కలిపినదానికి సరిపోవాలి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

"సరిపోకపోతే?"

"సంచులు చూస్త."

ఇది నాకు తట్టని సంగతి. కేంద్రానికి గన్నీ సంచులు లెక్కపెట్టి ఇస్తారు. వచ్చినవాటిలోంచి చిరిగినవి తీసేసి, ఖాళీగా మిగిలినవి తీసేస్తే, నిండిన సంచులు ఎన్నో తేలుతుంది. ఆ అంకెకు రైతు పేరుతో పనిలేదు, లారీతో పనిలేదు. "మనుషులు మరుస్తరు, సంచులు మరువయి" అంది చెల్లె. ఇంత మంచి ఉపాయం ఏ ప్లగిన్ల అంగడిలో దొరుకుతుంది చెప్పండి?

అదంతా వరసగా రాశాం. కింద ఇంకో వాక్యం రాయాల్సి వచ్చింది. దాని వెనక ఓ చిన్న కథ ఉంది. సహాయకుడు మొదట రాసిచ్చిన ప్రోగ్రాంలో తేడా వచ్చినప్పుడు ఆ తేడాను 'ఇతరములు' అని ఓ వరుసలో వేసి, మొత్తం సరిచేసి చూపించేది. చూడ్డానికి ముచ్చటగా, ఎప్పుడూ సరిపోయే లెక్క! పాపం, మనల్ని సంతోషపెట్టాలని దాని తాపత్రయం. చెల్లె మాత్రం, "సరిపోయే లెక్క నాకెందుకక్కా, సరిపోనిది ఎక్కడుందో గావాలె" అంది. అందుకని స్కిల్‌లో పెద్దక్షరాలతో రాశాం, 'తేడా వస్తే సర్దకు, చూపించు' అని. నన్నడిగితే మేం చేసిన హంగులన్నిటిలో విలువైనది ఆ నాలుగు మాటలే.

అది పనికొచ్చిన సాయంత్రం ఒకటి చెబుతాను. ఆ సీజనంతా నోటుపుస్తకం, ప్రోగ్రాం రెండూ పక్కపక్కనే నడిపాం. ఒకరోజు రైతుల వారీ మొత్తం 640 బస్తాలు. లారీలెక్కినవి 600, కేంద్రంలో ఉన్నవి 34. ఆరు బస్తాలు కనబడటం లేదు! ఆ సమయంలో ఎవరి మనసు ఎటు పోతుందో ఊహించుకోండి. రాత్రి కాపలా ఉన్న మనిషిని అనుమానించాలా, హమాలీలనా? ప్రోగ్రాం తేడాను ఎర్రగా చూపించి, కింద సంచుల లెక్క పెట్టింది. వచ్చినవి 1,000. చిరిగినవి 4. ఖాళీవి 362. అంటే నిండినవి 634. బస్తాలు పోలేదు, అసలు లేవు! ఎక్కడో ఆరు బస్తాలు రెండుసార్లు రాసి ఉన్నాయి. వెతికితే దొరికింది. భార్య పేరు మీది పాసు పుస్తకంలో ఒకసారి, భర్త పేరు మీది పుస్తకంలో ఒకసారి అవే ఆరు బస్తాలు ఎక్కాయి. అప్పటికప్పుడు కొట్టేశారు. అదే డబ్బులు ఖాతాల్లో పడ్డాక బయటపడి ఉంటే ఎన్ని మాటలు, ఎన్ని తిరుగుళ్లు!

ముద్ర ఉన్న కాంటా

రాసిపెట్టినంత మాత్రాన అది వింటుందా అని మీకు సందేహం రావచ్చు. రావాలి కూడా. కాగితం మీది మాట, స్కిల్‌లోని మాట, రెండూ చెప్పడమే. చాలావరకు వింటుంది. పని పొడుగైతే ఎప్పుడో ఒకసారి పక్కన పెట్టేస్తుంది. మన పిల్లలకు బయల్దేరేటప్పుడు వంద చెబితే తొంభై గుర్తుంటాయి కదా, అలా. ఏది తప్పితే కొంప మునుగుతుందో దానికి చెప్పడం చాలదు, అడ్డు పెట్టాలి. దానికి హుక్ అని ఉంది. కొక్కెం అన్నమాట. అది సహాయకుడి ఇష్టాయిష్టాల మీద ఆధారపడదు. ఫలానా పని చేయబోతుంటే ఈ తనిఖీ నడవాల్సిందే అని మనం ముందే పెట్టేస్తాం. తనిఖీ కాదంటే పని అక్కడితో ఆగుతుంది. కాంటా మీద తూనికలు కొలతల శాఖ వేసే ముద్ర లాంటిది.

మేం రెండే కొక్కేలు పెట్టాం. ఒకటి, అసలు లెక్కలున్న ఫోల్డరు జోలికి సహాయకుడు పోకుండా. చదవడానికీ వీల్లేదు, మార్చడానికీ వీల్లేదు. రెండోది 112 బస్తాల పరీక్ష. 112 బస్తాలంటే 44 క్వింటాళ్ల 80 కిలోలు. 2,389 చొప్పున 1,07,027 రూపాయల 20 పైసలు. అవి సన్నాలైతే, రాష్ట్ర ప్రభుత్వం 2024 వానాకాలం నుంచి క్వింటాలుకు 500 చొప్పున ప్రకటించిన బోనస్ 22,400 విడిగా కనిపించాలి. రెండూ కలిపి చూపిస్తే రైతు ఖాతాలో మొదటి డబ్బు పడిన రోజు, "మిగతాదేది?" అని చెల్లె మీదికే వస్తారు. సహాయకుడు ప్రోగ్రాంలో ఏ మూల ఏం మార్చినా ఈ లెక్క దానంతటదే నడుస్తుంది. పైసా తేడా వచ్చినా 'పని అయింది' అనడానికి వీల్లేదు. ఆ లెక్క మాత్రం చెల్లె చేత్తో కట్టిందే. కంప్యూటరును పరీక్షించే లెక్క కంప్యూటరునే కట్టమనడం నాకు నచ్చలేదు.

బెల్లం విరిచి చూసినట్టు

ఇంతవరకూ మేం సొంతంగా చేసుకున్నవి. ఇక తయారుగా దొరికేవి. మా ఆడబిడ్డ కూతురు బీటెక్ చదువుతోంది. మేం చేస్తున్నది చూసి ఉత్సాహపడి, ఓ ఇరవై ప్లగిన్ల జాబితా తెచ్చింది. "అత్తమ్మా, అన్నీ ఫ్రీ!" అంది. చీరల సేల్‌కు వెళ్లినప్పుడు మనకూ అలాగే ఉంటుంది లెండి.

ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే చూశాం. కామారెడ్డి బెల్లం మార్కెట్ ఒకప్పుడు ఎంత పేరున్నదో పెద్దవాళ్లకు తెలుసు. మా ఇంట్లో ఎవరూ పైన మెరుపు చూసి ముద్ద కొనేవాళ్లు కాదు. విరిచి, లోపలి రంగు చూసి, ఇంత నోట్లో వేసుకున్నాకే బేరం. ఈ స్కిల్స్, ప్లగిన్లు కూడా అంతే, విరిచి చూడొచ్చు. చాలావాటి లోపల ఉండేది మామూలు భాషలో రాసిన సూచనలే. చదివితే తెలుస్తుంది. చదివి చూస్తే జాబితాలో సగం మనకు అక్కర్లేనివి. కొన్నిట్లో 'జాగ్రత్తగా చెయ్యి, బాగా చెయ్యి' అని తప్ప ఇంకేమీ లేదు. ఆ మాట మనమూ చెప్పగలం! పైగా ఎన్ని తగిలిస్తే అన్ని పేర్లు, వర్ణనలు దాని బుర్రలో చోటు తింటాయి. చివరికి మేం ఉంచుకున్నది ఒక్కటే, ఎక్సెల్ ఫైళ్లతో పనిచేసే స్కిల్. అది క్లాడ్ తయారుచేసినవాళ్లే ఇచ్చింది.

బయటి వాటితో కలిపే తీగల్లాంటివి కొన్ని ఉన్నాయి. ఎంసీపీ అంటారు. 2024 నవంబరులో వచ్చిన పద్ధతి. దీంతో సహాయకుడు మీ మెయిలు చదవొచ్చు, ఫైళ్లు తెరవొచ్చు, మెసేజీలు పంపొచ్చు. చాలా సౌకర్యం. కానీ ఇక్కడ మనం ఇస్తున్నది పని కాదు, తాళంచెవి. మా పిల్ల జాబితాలో వాట్సాప్‌తో కలిపేది ఒకటుంది. రైతులకు చీటీలు దానంతటదే పోతాయట. దానికి అడిగే అనుమతులు చూస్తే, చీటీలు పంపడమే కాదు, చెల్లె ఫోనులోని సంభాషణలన్నీ చదివే వీలు కావాలి. సంఘం సభ్యుల అప్పులు, వాయిదాలు, ఇళ్లలో గొడవలు, అన్నీ ఆ ఫోనులోకే వస్తాయి. ఒక చీటీ కోసం అంత తలుపు తీయాలా? వద్దనుకున్నాం. చీటీలు చిన్న ప్రింటరు మీద తీసి చేతికే ఇస్తోంది.

భయపడి చెప్పడం లేదు. 2025 సెప్టెంబరులో బయటపడిన సంగతి ఒకటుంది. పోస్ట్‌మార్క్ అని మెయిళ్లు పంపే సేవ ఉంది. ఆ సంస్థతో సంబంధం లేని ఎవరో దాని పేరు పెట్టి ఇలాంటి తీగ ఒకటి తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. పదిహేను సార్లు కొత్త రూపాలు వచ్చాయి, అన్నీ బుద్ధిగా పనిచేశాయి. పదహారోసారి లోపల ఒకే ఒక్క వరుస చేర్చారు. దాంతో పంపే ప్రతి మెయిలు నకలు ఒకటి గుట్టుగా వాళ్లకు చేరేది. నమ్మకం కుదిరాక చేతివాటం చూపించే పనిమనిషి కథలు వింటూ ఉంటాం. ఇదీ అలాంటిదే. అందుకే ఎవరు తయారుచేశారు, అసలు అవసరమేనా, ఏ తాళంచెవులు అడుగుతోంది అని చూడటంతో పాటు, కొత్త రూపం వచ్చిందంటే మళ్లీ చదవాల్సిందే. అంత తీరిక లేకపోతే తగిలించుకోకపోవడమే మేలు. మా పిల్లకు మొదట ఇది నచ్చలేదు. ఆ పోస్ట్‌మార్క్ సంగతి తనే చదివి వచ్చాక జాబితాను తనే కొట్టేసింది.

ఇంకో మాట. సహాయకుడు చదివే ప్రతి ఫైలూ ఆ కంపెనీ వారి దూరపు కంప్యూటర్లకు వెళ్లివస్తుంది. రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను నంబర్లు మనవి కావు, వాళ్లు మనల్ని నమ్మి ఇచ్చినవి. వ్యక్తుల వివరాల రక్షణకు 2023లో చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలూ వెలువడ్డాయి. చట్టం లేకున్నా ఊళ్లో మొహం చూపించాలి కదా. అందుకని ప్రోగ్రాం తయారుచేసేటప్పుడు సహాయకుడికి ఉత్తుత్తి రైతుల పట్టిక ఇచ్చాం. చింతవ్వ, మామిడవ్వ, జామ లింగయ్య! పేర్లు ఉత్తుత్తివే గానీ చిక్కులు మాత్రం నిజమైనవి. ఒకే పేరువాళ్లు ముగ్గురు, పాసు పుస్తకంలో ఒక పేరు బ్యాంకులో ఒక పేరు, భార్యాభర్తలకు చెరో పుస్తకం, తేమ 17 మీద సరిగ్గా ఆగినవాళ్లు. ఈ పట్టిక తయారుచేయడంలో చెల్లెకు ఎంత సరదా వేసిందో! ఊళ్లో ఎదురైన చిక్కులన్నీ ఆ ఉత్తుత్తి ఊళ్లోకి చేర్చింది.

అన్నట్టు, ఈ సహాయకుడికి ఇంటర్నెట్ లేకపోతే పని జరగదు. మరి కేంద్రంలో ఎలా? చాలామంది అడిగే ప్రశ్న. 2025 ఆగస్టు చివర్లో కురిసిన వానలకు కామారెడ్డి ఎలా మునిగిందో చూశాం. రోడ్లు తెగాయి, పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి, ఫోన్లూ సరిగ్గా పలకలేదు. అందుకే సహాయకుడిని కేంద్రానికి పంపలేదు. అది మేస్త్రీ లాంటిది. ఇల్లు కట్టి వెళ్లిపోతుంది. మిగిలిన ప్రోగ్రాం చెల్లె పాత లాప్‌టాప్‌లో తనంతట తను నడుస్తుంది. నెట్ అక్కర్లేదు, నెలనెలా కట్టేదీ లేదు. హంగులన్నీ నా దగ్గర, కట్టే చోటే ఉంటాయి. ఏదైనా మార్చాలంటే ఆదివారం వచ్చేదాకా ఆగాలి. చెల్లెకు దాంతో ఇబ్బంది లేదు. ఎలాగూ ఈ వంకతో నేను వస్తున్నానని సంతోషం.

మీలో ఎవరికైనా ఇలాంటిది చేయాలనిపిస్తే, లేదా ఇంట్లో పిల్లలు చేస్తామంటే, కంప్యూటరు తర్వాత తెరవచ్చు. ముందు ఒక పని ఎంచుకోండి, మీరు రోజూ చేసేది. దుకాణం బాకీలు కావచ్చు, బ్లౌజుల కొలతలు కావచ్చు, చీటీపాట కావచ్చు. అది తెలియని మనిషికి చెబుతున్నట్టు పక్కవాళ్లకు చెప్పండి, వాళ్లను రాయమనండి. ఎక్కడ 'ఏముంది, మామూలే' అన్నారో అక్కడ ఆగి ఇంకోసారి అడగమనండి. లోపలికి పెట్టాల్సిన సరుకు అక్కడే ఉంటుంది. డబ్బు సంగతంటారా, కోపైలట్‌కు 2024 డిసెంబరులో నెలకు ఇంత అని పరిమితితో ఉచిత వాడకం ఇచ్చారు. నేర్చుకునే పిల్లలు అలాంటి వాటితో మొదలుపెట్టొచ్చు.

పక్క ఊరి వీవోఏలు ఇద్దరు వచ్చి ప్రోగ్రాం చూసి వెళ్లారు. తమకూ కావాలన్నారు. ఇవ్వడానికి అభ్యంతరం లేదు గానీ, వాళ్ల కేంద్రంలో సంచుల లెక్క వేరేగా రాస్తారట. అది విని వాళ్ల చేత చెప్పించి మరో స్కిల్ రాయాలి. ఆ పని మా ఆడబిడ్డ కూతురికి అప్పజెప్పాను. ఈసారి బస్సులో తను కూడా వస్తుంది.

ఈలోగా చెల్లె యాసంగి కోతల కోసం కాగితంలో కొత్త వాక్యం చేర్చమంటోంది. అకాల వాన పడితే తడిసిన బస్తాలను విప్పి మళ్లీ ఆరబోస్తారు. అప్పుడు అవి నిండిన సంచుల్లోంచి పోతాయి, ఖాళీ సంచుల్లోకీ రావు, ఎందుకంటే ఆ తడి సంచులు వెంటనే వాడటానికి పనికిరావు. వాటికి పట్టికలో విడిగా ఓ వరుస కావాలి. దాని పేరు 'తడి' అని పెడదామని నేనంటే, 'ఆరబెట్టినయి' అని పెట్టమని తను. ఇంకా తేలలేదు.